శూన్యం: ఒక వాపు కథ

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువారి సాయంకాల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకు, అమ్మలకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం.

ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. ‘శూన్యం’. అంకెల్లో ఉండే సున్నా సంగతి కొంచెం చెప్పి, తలలో ఉండే శూన్యం సంగతి ఎక్కువ చెబుతాను. ఒక్క మాట కోసం గంటసేపా అని మీరు అనుకోరు, ఎందుకంటే ఇది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే బడిలో పాఠాలు చెప్పుకుంటూ, కొండల మీది సవరల భాష నేర్చుకుని, ఒక్కొక్క మాటా అడిగి రాసుకుని నిఘంటువు తయారుచేశారు. ఆ శ్రమతో పోలిస్తే మన గంట ఏపాటిది?

ముందు మనం రోజూ వాడే మాటతో మొదలుపెడదాం. పరీక్ష రాసి వచ్చిన పిల్లాణ్ని అడగండి. “అన్నీ చదివాను, హాల్లోకి వెళ్లేసరికి మైండ్ బ్లాంక్ అయిపోయింది” అంటాడు. వాడి ఒడియా స్నేహితుడైతే “ముండొ కామొ కొరునీ” అంటాడు, తల పనిచేయడం లేదని. ముండొ అంటే తలకాయ. మన చెవికి అది తిట్టులా వినపడుతుంది గాని, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి అలవాటైపోయింది. మా అమ్మమ్మల కాలంలో ‘మతి పోయింది’, ‘బుర్ర మొద్దుబారింది’, ‘ఏమీ తోచలేదు’ అనేవారు. ఇప్పుడు వాటన్నిటికీ కలిపి ఒకటే, మైండ్ బ్లాంక్.

బ్లాంక్ అనే మాట ఇంగ్లీషువాళ్లకి ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ ‘బ్లాంక్’ అంటే తెలుపు. ఏమీ రాయని తెల్ల కాగితం, అంతే. దాని కథ అక్కడితో అయిపోతుంది. శూన్యం కథ అలా కాదు.

సంస్కృతంలో ‘శ్వి’ అని ఒక ధాతువు ఉంది. దాని అర్థం వాయడం, ఉబ్బడం. ఆయుర్వేదంలో వాపుని ‘శ్వయథువు’ అంటారు, అది ఈ ధాతువు నుంచే. ‘శూన’ అంటే వాచినది. దాని మీంచి వచ్చింది శూన్యం. మనం పూర్తి ఖాళీకి వాడుతున్న మాట పుట్టింది వాపులో! బయటికి ఉబ్బి కనపడేది లోపల బోలుగా ఉంటుంది కదా, అర్థం అలా జరుగుతూ వచ్చింది. ‘వాపును చూసి బలుపు అనుకున్నట్టు’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. వాపు లోపల ఏమీ లేదని మన సామెతకి ముందే తెలుసు.

పాత వ్యాకరణవేత్తలు దీనికి ఇంకో దారి కూడా చెప్పారు. పాణిని వ్యాకరణంతో పాటు వచ్చే పదాల జాబితా, అంటే గణపాఠం ప్రకారం, ‘శునే హితం’, కుక్కకి పనికొచ్చేది. మనుషులు విడిచిపెట్టేసిన పాడుబడ్డ చోట ఏం తిరుగుతాయి? కుక్కలు. అందుకని అది శూన్యం. భాషాశాస్త్రం చదివినవాళ్లు వాపు వైపే ఓటేస్తారు, నేనూ అటే. కానీ ఆ కుక్క వ్యుత్పత్తి చెప్పినాయన ఊరు చూసి చెప్పాడు, పుస్తకం చూసి కాదు. అందుకే నాకు అదంటే ఇష్టం.

ఇక అంకె. బ్రహ్మగుప్తుడు క్రీస్తు శకం 628లో సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో సూత్రాలు రాశాడు. శ్లోకాల్లో అంకెలు చెప్పాల్సి వస్తే సున్నాకి బదులు ‘ఖ’ అనీ, ‘గగనం’ అనీ, ‘అంబరం’ అనీ ఆకాశం పేర్లు వాడేవారు. లెక్క అరబ్బులకి చేరింది. వాళ్లు శూన్యం అనే మాటని తమ భాషలోకి మార్చుకుని ‘సిఫ్ర్’ అన్నారు, అంటే ఖాళీ. 1202లో ఇటలీలో ఫిబొనాచీ దాన్ని లాటిన్‌లో ‘జెఫిరుమ్’ అని రాశాడు. అది అరిగి అరిగి ‘జీరో’ అయింది. మనకేమో ప్రాకృతం మీదుగా ‘సున్న’ వచ్చింది. మన పిల్లాడు ‘జీరో వచ్చింది నాన్నా’ అన్నా, ‘సున్నా వచ్చింది’ అన్నా ఒకే తల్లి పిల్లల్లో ఎవరో ఒకరి పేరు చెబుతున్నట్టే. మార్కులు మాత్రం మారవు. అన్నట్టు, తాంబూలంలోకి వేసుకునే సున్నానికీ దీనికీ చుట్టరికం లేదు. అది ‘చూర్ణం’ నుంచి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఖాళీ అనే మాటని మనసుకి ఎప్పుడు తగిలించారు, ఎందుకు తగిలించారు?

ఈ జిల్లాలో ఉన్నవాళ్లకి చంద్రగిరి గురించి చెప్పక్కర్లేదు. 1963లో టిబెట్ నుంచి వచ్చినవాళ్లకి అక్కడ చోటిచ్చారు. వాళ్ల మొక్కజొన్న చేలు, జీరంగ్‌లో ఆ పెద్ద బౌద్ధ విహారం మీరందరూ చూసే ఉంటారు. 2010లో దలైలామా వచ్చి దాన్ని ప్రారంభించారు. ఆదివారం కార్లేసుకుని వెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తాం. లోపల కుర్రసన్యాసులు చదువుకునే చదువులో ఒక ముఖ్యమైన మాట ‘తోంగ్‌పా ఞీ’. మన శూన్యతకి టిబెటన్ అనువాదం. ఈ మాటని అంత పెద్దది చేసినవాడు బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండకి ఆయన పేరే పెట్టుకున్నారు. అంటే తెలుగునేల మీద పేరున్న మనిషి మాట హిమాలయాలు దాటి వెళ్లి, మళ్లీ శరణార్థుల వెంట మహేంద్రగిరి పక్కకి వచ్చింది.

ఆయన ఏమన్నాడంటే, “యః ప్రతీత్యసముత్పాదః శూన్యతాం తాం ప్రచక్ష్మహే”. ఇంకొకదాని మీద ఆధారపడి పుట్టిందేదైనా, దాన్నే మేం శూన్యత అంటాం అని. ఈ మైకు చూడండి. దీనికి కరెంటు కావాలి, తీగ కావాలి, ఆ మూల కూర్చున్న ఆపరేటర్ గారి దయ కావాలి. అవన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ పొండి. తనంతట తాను మైకుగా ఉండే పదార్థం ఏదీ చేతికి దొరకదు. మైకు లేదని కాదు. ఉంది, నా గొంతు మీకు వినపడుతూనే ఉంది. సొంతంగా, ఒంటరిగా లేదు. అదీ ఆయన చెప్పే శూన్యం. దీన్ని ‘ఏదీ లేదు, అంతా ఉత్తదే’ అని అర్థం చేసుకునేవాళ్లని ఆయన గట్టిగానే మందలించాడు. తప్పుగా పట్టుకున్న పాములాగ, తప్పుగా చూసిన శూన్యత మందబుద్ధిని నాశనం చేస్తుందన్నాడు. పాముని తలకాయ దగ్గర పట్టాలి గాని తోక దగ్గర పడితే ఏమవుతుందో మన కొండపక్క ఊళ్లవాళ్లకి చెప్పాలా?

ఒడిశాకి కూడా శూన్యం పరాయిది కాదు. పదహారో శతాబ్దంలో పంచసఖులనే అయిదుగురు భక్తకవులు జగన్నాథుణ్ణే శూన్యపురుషుడన్నారు. తరవాత మహిమా ధర్మం వచ్చింది. వాళ్ల దేవుడు అలేఖుడు, అంటే రాతకి అందనివాడు. ధెంకానాల్ జిల్లా జొరందాలో వాళ్ల గద్దె దగ్గర శూన్యమందిరం ఉంది. విగ్రహం పెట్టుకోరు. సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మొక్కుతారు, పొద్దు కూకాక ముద్ద ముట్టరు. ఈ మతానికి పాటలు కట్టిన భీమ భోయి కొంధు అనే గిరిజన తెగ కవి. గుళ్లో విగ్రహం లేకపోతే చూడ్డానికేముంది అని ఒకాయన నన్ను అడిగాడు. ఆయనకి నేను చెప్పగలిగింది ఒక్కటే: విగ్రహం ఉన్న గుళ్లో కూడా మనం కళ్లు మూసుకునే కదా దండం పెడతాం!

సభలోంచి ఒక కుర్రవాడు: మాస్టారూ, ఆలోచన లేకుండా అసలు ఉండగలమా? నిద్రలో తప్ప?

మంచి ప్రశ్న బాబూ. నిద్రలో కూడా కాదంటాడు పతంజలి. యోగం అంటే చిత్తవృత్తుల్ని అదుపు చేయడం అని చెప్పి, ఆ వృత్తులు అయిదు అని లెక్కపెట్టి, అందులో నిద్రని కూడా ఒకటిగా వేశాడు! ఏమీ లేదనే అనుభవాన్ని పట్టుకుని ఉండే వృత్తి నిద్ర అన్నాడు. పొద్దున్న లేచి ‘హాయిగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు’ అంటామే, ఆ ‘ఏమీ తెలియకపోవడం’ కూడా మనసు చేసిన పనే. కాబట్టి మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసేవాళ్లని యోగుల జాబితాలో వేయడానికి వీల్లేదు. నాకూ బాధగానే ఉంది.

ఇంకో సూత్రం చూడండి. సమాధి గురించి చెబుతూ ‘స్వరూపశూన్యమివ’ అంటాడు. ఆ ‘ఇవ’ ఉంది చూశారా, ‘లాగ’. తాను లేనట్టుగా ఉంటుంది అన్నాడు, లేకుండా పోతుంది అనలేదు. ఒక్క చిన్న మాట అడ్డం వేశాడు. పెద్దవాళ్లు ఇలాంటి చోట్లే జాగ్రత్తగా ఉంటారు. తరవాత పదిహేనో శతాబ్దంలో ‘హఠయోగ ప్రదీపిక’ రాసిన స్వాత్మారాముడు ఈ స్థితికి ఉన్న పేర్లన్నీ ఒకచోట పోగుచేశాడు. సమాధి, ఉన్మని, అమనస్కం, లయం, సహజం, శూన్యాశూన్యం, ఇలా పోతుంది. శూన్యమూ అశూన్యమూ కలిపి ఒకటే పేరు. ఆయనే ఇంకో శ్లోకంలో లోపలా బయటా శూన్యం, ఆకాశంలో కుండలాగ, లోపలా బయటా పూర్ణం, సముద్రంలో కుండలాగ అంటాడు. మనం ‘నిండుకుండ తొణకదు’ అని నిండుకుండనే మెచ్చుకుంటాం. ఆయన రెండు కుండల్నీ పక్కపక్కనే పెట్టి చూపించాడు.

నువ్వడిగింది మాత్రం ‘ఉండగలమా’ అని కదా. దానికి జవాబు నాకు మన దేశంలో కంటే జపాన్‌లో తేలిగ్గా దొరికింది.

మన ‘ధ్యానం’ పాళీలో ‘ఝాన’ అయి, చైనాలో ‘చాన్’ అయి, జపాన్‌లో ‘జెన్’ అయింది, ధ్యానమే ప్రధానమైన బౌద్ధ శాఖకి అదే పేరు. బడిలో కిటికీలోంచి చూస్తున్న పిల్లాణ్ని ‘ఏరా, పరధ్యానమా?’ అని చెవి మెలిపెడతామే, ఆ పరధ్యానానికీ జెన్‌కీ పుట్టిల్లు ఒకటే. అక్కడ ఒక మాట ఉంది, ‘ముషిన్’. ‘ము’ అంటే లేదు, ‘షిన్’ అంటే మనసు. చైనాలో ‘వూషిన్’. మన అమనస్కానికి అచ్చం జోడు. ఇదే ముషిన్‌ని మామూలు జపాన్ వాడుకలో ఇంకో అర్థంలో కూడా అంటారు. సిగ్గు విడిచి డబ్బు అడగడం! తండ్రిని మాటిమాటికీ డబ్బు కోసం పీడించే కొడుకు చేసేది కూడా ముషినే. ఎంత గొప్ప మాటకైనా బజారులో ఇంకో బతుకు ఉంటుంది.

చైనాలో చాన్ పరంపరలో ఆరో గురువు హుయ్‌నెంగ్, ఏడో శతాబ్దం మనిషి, నువ్వడిగిందే తేల్చి చెప్పాడు. ఆలోచన లేకపోవడం అంటే ఆలోచనలన్నీ ఆపేయడం కాదు, ఆలోచనల మధ్యనే ఉండి వాటికి అంటుకోకపోవడం అన్నాడు. దాన్ని బాగా విడమరిచినవాడు జపాన్ జెన్ సన్యాసి తకువాన్ సోహో. 1573లో పుట్టి 1645లో పోయాడు. జపాన్‌ని ఏలిన సేనాపతులు తోకుగావా షోగున్‌లకి కత్తిసాము నేర్పే యగ్యూ మునెనోరికి ఆయన ఒక పెద్ద ఉత్తరం రాశాడు. సన్యాసి కత్తివాడికి ఉత్తరం రాయడమేమిటి అనుకోకండి. మన దగ్గర యుద్ధరంగంలోనే గీత చెప్పారు కదా.

ఆ ఉత్తరంలో సంగతి ఇది. ఎదుటివాడు కత్తి ఎత్తాడు. నీ మనసు ఆ కత్తి మీద ఆగిపోయిందా, చచ్చావు. నీ కత్తి మీద ఆగినా చచ్చావు. ‘గెలవాలి’ అనే కోరిక మీద ఆగినా అంతే. మనసుని ఎక్కడ పెట్టాలి మరి? ఎక్కడా పెట్టకు అంటాడు. ఎక్కడా పెట్టకపోతే ఒళ్లంతా నిండి ఉంటుంది, చెయ్యి కావాలంటే చేతికి, కాలు కావాలంటే కాలికి అందుతుంది. దీనికి ఆయన వెయ్యి చేతుల కన్నోన్‌ని చూపిస్తాడు. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే, బౌద్ధులు కరుణకి రూపంగా కొలిచే బోధిసత్వుడు. వెయ్యి చేతులున్నా, మనసు విల్లు పట్టుకున్న ఒక్క చేతి దగ్గర ఆగిందంటే మిగతా 999 చేతులూ ఉండీ లేనట్టే. ఆగకపోతే వెయ్యీ పనిచేస్తాయి. ఇంకోచోట, మనసుని నీళ్లతోనూ గడ్డకట్టిన మంచుతోనూ పోలుస్తాడు. రెండూ ఒకటే పదార్థం. కానీ మంచుగడ్డతో కాళ్లూ చేతులూ కడుక్కోలేవు.

ఇప్పుడు మన పరీక్ష హాల్లోకి రండి. వాడి మైండ్ బ్లాంక్ అయింది అన్నాడు. నిజంగా ఖాళీ అయిందా? నేను ముప్పై ఏళ్ల పైబడి పిల్లల మొహాలు చూసినవాణ్ని, నాకలా అనిపించదు. వాడి తలనిండా ఒకటే ఉంది. ‘ఇది రాకపోతే ఫెయిల్’. లేదా ‘నాన్న ఏమంటాడు’. లేదా పక్కవాడు అప్పుడే అడిషనల్ షీటు అడిగాడు, అది. మనసు అక్కడ గడ్డకట్టింది. చదివిన జవాబు బయటికి రావడానికి సందు లేదు. టెన్షన్ దిగగానే, హాలు మెట్లు దిగుతుండగానే మొత్తం గుర్తొచ్చేస్తుంది, కాదంటారా? నిజంగా ఖాళీ అయిపోతే మెట్ల మీద ఎక్కణ్నుంచి వచ్చింది? అందుకే నేను అనేది, మనం బ్లాంక్ అంటున్నది శూన్యానికి పూర్తిగా ఎదురు. అది కిక్కిరిసిపోవడం. వాపు అన్న పాత అర్థమే దానికి సరిపోతుంది.

నిజమైన ఖాళీ క్షణాలు కూడా ఉంటాయి, కాదనను. 2013లో వార్డ్, వెగ్నర్ అని ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద రాశారు. పుస్తకం చదువుతున్నవాళ్లని మధ్యలో ఆపి ‘ఇప్పుడు నీ మనసు ఎక్కడుంది’ అని అడిగితే, కొన్నిసార్లు పుస్తకం మీదా లేదు, వేరే ఊహల మీదా లేదు, ఎక్కడా లేదు అన్నారట. దానికి ‘మైండ్ బ్లాంకింగ్’ అని పేరు పెట్టారు. ఆ వెగ్నరే అంతకుముందు 1987లో తెల్ల ఎలుగుబంటి ప్రయోగం చేశాడు. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు అని చెప్పి కూర్చోబెడితే, అందరికీ పదేపదే అదే గుర్తొచ్చింది. ఆయన అంత శ్రమపడక్కర్లేదు, మన ఊరు వస్తే చెప్పేవాళ్లం. ‘కోతిని తలుచుకోకుండా మందు తాగు’ అన్న వైద్యుడి కథ మనకి ఎప్పట్నుంచో ఉంది. కాబట్టి పిల్లలకి పరీక్ష ముందు ‘టెన్షన్ పడకు, టెన్షన్ పడకు’ అని పదిసార్లు చెప్పే తల్లిదండ్రులకి నా మనవి: మీరు కోతిని చూపిస్తున్నారు.

ముషిన్ చూడాలంటే జపాన్ టికెట్టు అక్కర్లేదు. మన ఊళ్లో కొమ్ము పనివాళ్ల దగ్గర పావుగంట నిలబడండి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు కదా. పశువు కొమ్ముని వేడి మీద పెట్టి మెత్తబరుస్తారు. వేడి కాస్త ఎక్కువైతే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది, కొమ్ము పాడవుతుంది. మెత్తబడగానే వంచాలి, చల్లారితే మళ్లీ మొండికేస్తుంది. తరవాత ఆకురాయి. కొమ్ము మొదలు బోలు, కొస గట్టి. ఆ బోలు ఎక్కడిదాకా ఉందో పైకి కనపడదు. కొంగ మెడ తీసే చోట ఆకురాయి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే గోడ పగిలి లోపలి గుల్ల బయటపడుతుంది. నేను చూసిన ఒక పెద్దాయన ఆ చోటుకి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించలేదు, తొందరపడలేదు, చప్పుడు మాత్రం మారింది. ఆయన కొమ్ము వంక కూడా చూడటం లేదు, ఆ చప్పుడే వింటున్నాడు. నేను మధ్యలో ధర అడిగాను. ఆకురాయి పైకెత్తి, పక్కన పెట్టి, అప్పుడు చెప్పాడు. చేస్తూ చెప్పలేదు. ఆయనకి ఆలోచన లేదంటే ఆయనే ఒప్పుకోడు. అది ఒకచోట ఆగి లేదు, అంతే.

ఒక అమ్మగారు: దీనికి అచ్చ తెలుగులో మాట లేదాండీ? శూన్యం సంస్కృతం, ముషిన్ జపాను, ఖాళీ అయినా మనదేనా?

ఖాళీ కూడా మనది కాదమ్మా, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. మన సొంత మాటలు వట్టి, బోలు, డొల్ల. మూడింటినీ తిట్టడానికే వాడుకున్నాం. వట్టి మాటలు, డొల్ల కబుర్లు. కానీ ఒక మాట ఉంది, అది నాకు చాలా నచ్చుతుంది. ‘ఊరక’. ఇప్పటి వాడుకలో ‘ఊరికే’. “ఏం చేస్తున్నావు?” “ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాను.” పని లేదు, కారణం లేదు, చప్పుడు లేదు, ఎదురుచూపు లేదు, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ‘ఊరకుండు’ అంటే మాట్లాడకుండా ఉండు. ‘ఊరికే ఇచ్చాడు’ అంటే పైసా తీసుకోలేదు. తమిళులకి దీనికి జోడు ‘సుమ్మా’ ఉంది. ‘సుమ్మా ఇరు’ అనే మాటని వాళ్ల సిద్ధులు, భక్తులు ఎత్తి నెత్తిన పెట్టుకున్నారు, దాన్ని పెద్ద ఉపదేశంగా చెప్పుకుంటారు. మనం మాత్రం ఇంట్లో ఎవరైనా ఊరికే కూర్చుంటే, “ఊరికే కూర్చోకపోతే ఆ బట్టలైనా మడతపెట్టొచ్చుగా” అంటాం. మా ఇంట్లోనూ అంతే. ఇవాళ పొద్దున్న కూడా మడతపెట్టే వచ్చాను.